చేత్తో చేసిన కార్డు, ఎవరో రాసిన వాక్యం

పెళ్ళి శుభలేఖని సొంతంగా, చేత్తో తయారు చేసుకోవడం ఇప్పుడు చదువుకున్న మధ్యతరగతి ఇళ్ళలో మర్యాదగల పని అయింది. చేతికాగితం తెప్పించుకుంటారు. పసుపునీళ్ళలోనో టీ డికాషన్‌లోనో ముంచి ఆరబెడతారు. కలంకారీ చెక్క అచ్చుతో అంచు దిద్దుతారు. జనపనార తాడుతో కట్టి, ముడి దగ్గర ఒక ఎండిన గడ్డిపువ్వు గుచ్చుతారు. కార్డుని కుండీలో పాతిపెడితే తులసి మొలుస్తుందని వెనకవైపు చిన్న అక్షరాలతో రాస్తారు. అందుకున్నవాళ్ళు "ఎంత ఓపికమ్మా నీకు!" అంటారు. ఇచ్చిన అమ్మాయి "మొత్తం మేమే చేసుకున్నాం ఆంటీ" అంటుంది.

ఆ "మొత్తం" అన్న మాటతోనే నా పేచీ. తాడు విప్పి లోపల చదవండి. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. దాని కింద, సీత దోసిట్లో ఎర్రగానూ రాముడి తలమీద తెల్లగానూ మెరిసిన ముత్యాల తలంబ్రాల శ్లోకం. (ఆ పెళ్ళి తర్వాత ఆ పెళ్ళికూతురికి ఏం జరిగిందో తెలిసిన జాతి, ప్రతి పెళ్ళికీ అదే శ్లోకం ఎందుకు వేయించుకుంటుందో నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు.) ఆ తర్వాత అసలు వాక్యం. ఫలానా ఊరు వాస్తవ్యులు శ్రీమతి & శ్రీ ఫలానా రావు గార్ల కనిష్ఠ పుత్రిక చి.ల.సౌ. ఫలానాను, ఫలానా శ్రీమతి & శ్రీ ఫలానా గార్ల జ్యేష్ఠ పుత్రుడు చి. ఫలానాకు ఇచ్చి వివాహము జరిపించుటకు పెద్దలు నిశ్చయించినారు కావున తామెల్లరూ బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి... ఇదంతా మనకి కంఠతా వచ్చు. అందుకే మనం దీన్ని చదవం. తేదీ, ముహూర్తం, కల్యాణమండపం పేరు చూసుకుని, కార్డు బాగుందని మెచ్చుకుని, ఫ్రిజ్ మీద పెడతాం.

ఒక్కసారి వ్యాకరణం తెలిసినవాళ్ళలాగా చదువుదాం. ఈ పత్రిక పాఠకుల్లో తెలుగు పాఠం చెప్పేవాళ్ళు తక్కువమంది లేరు. ఈ వాక్యంలో పెళ్ళికూతురు ఏ విభక్తిలో ఉంది? "ను". అంటే కర్మ. పెళ్ళికొడుకు? "కు". ఇచ్చినదాన్ని పుచ్చుకునేవాణ్ణి వ్యాకరణం సంప్రదానం అంటుంది. దానం అన్న మాట అందులోనే ఉంది, నేను వెతికి పెట్టింది కాదు. మధ్యలో క్త్వార్థకం "ఇచ్చి". ఇచ్చేది తండ్రి, పుచ్చుకునేది పెళ్ళికొడుకు. ఇవ్వబడే వస్తువు ఎమ్‌టెక్ చదివి, నెలకి లక్ష జీతం తెచ్చుకుంటూ, ఆ జీతంలోంచే ఈ కార్డుకి కాగితం కొని, అచ్చు వేసి, తాడు కట్టి మన చేతిలో పెట్టిన మనిషి. తనని ఎవరికో ఇచ్చేస్తున్నామన్న ప్రకటనని తనే అందంగా అలంకరించి ఊరంతా పంచుతోంది.

మగపెళ్ళివారి కార్డు వేరేగా ఉంటుంది, గమనించారా? అక్కడ "మా కుమారుడు చి. ఫలానా వివాహము చి.ల.సౌ. ఫలానాతో" జరుగుతుంది. ఒకే పెళ్ళి. ఒక కార్డులో "ఇచ్చి", ఇంకో కార్డులో "తో". ఇచ్చేది ఒక ఇల్లు మాత్రమే అని రెండు కార్డులూ కూడబలుక్కున్నట్టు చెబుతాయి.

తెలుగులో "కొను" అనే చిన్న ధాతువు ఉంది. క్రియకి అది చేరితే, ఆ పని ఫలం చేసినవాళ్ళకే చెందుతుంది. వండటం వేరు, వండుకోవడం వేరు. రాయడం వేరు, రాసుకోవడం వేరు. అబ్బాయి పెళ్ళి చేసుకుంటాడు. అమ్మాయికి పెళ్ళి చేస్తారు, లేదా అమ్మాయికి పెళ్ళి అవుతుంది, జ్వరం వచ్చినట్టు, వాన కురిసినట్టు. అమ్మాయి గనక "చేసుకుంది" అంటే మన ఊళ్ళలో గొంతు తగ్గించి చెప్పే మాట అది: "అది ఎవణ్ణో చేసుకుందట." కొను అన్న ధాతువు ఆడపిల్లకి తగిలితే అది ప్రేమపెళ్ళి అవుతుంది, లేచిపోవడం అవుతుంది, కొన్ని ఊళ్ళలో కొన్ని కులాల మధ్య అయితే శవం అవుతుంది. అలాంటి నేల మీద "మా కార్డు మేమే చేసుకున్నాం" అని గర్వంగా చెప్పుకునే అమ్మాయి, ఆ కార్డు లోపల "మా పెళ్ళి మేమే చేసుకుంటున్నాం" అని రాయలేకపోవడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

"చి.ల.సౌ." సంగతి కూడా చూడాలి. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పెళ్ళికొడుకు ఒట్టి చిరంజీవి, అతని ఆయుష్షు అతనిది. పెళ్ళికూతురి పేరు ముందు వేసిన సౌభాగ్యం ఆమె ఆయుష్షు కాదు, అతనిది. ఇంకా తాళి కట్టకముందే, ఆ కార్డు మీదే, అతను బతికి ఉన్నంతవరకే ఆమెకి ఈ హోదా అని మూడు పొడి అక్షరాల్లో చెప్పేశారు.

తల్లుల విషయానికొస్తే వాళ్ళకి పొడి అక్షరాలు కూడా లేవు. "శ్రీమతి & శ్రీ వెంకటేశ్వరరావు." ఆడవాళ్ళని ముందు పిలవాలన్న ఇంగ్లీషు మర్యాద పాటించి శ్రీమతిని ముందుకి తెచ్చారు, తెచ్చి పేరు తీసేశారు. కన్నతల్లి ఆ కార్డులో ఒక "&" గుర్తుగా ఉంది. అది తెలుగు అక్షరం కూడా కాదు. ఇదేమీ హిందూ ఇళ్ళకే పరిమితమైన జబ్బు కాదు. హైదరాబాదు పాతబస్తీలో ఛత్తా బజార్ పెళ్ళికార్డుల అచ్చుకి పేరుపడ్డ చోటు. అక్కడ కాతిబులు చేత్తో రాసిన రోజుల్లోనూ, కంప్యూటర్లు వచ్చి వాళ్ళ కలాలు మూలపడ్డాకానూ, కొన్ని కుటుంబాల ఉర్దూ కార్డుల్లో పెళ్ళికూతురి పేరే ఉండదు. "దుఖ్తర్-ఎ-నేక్ అఖ్తర్", అంటే అదృష్టనక్షత్రం గల కూతురు అని మాత్రం ఉంటుంది. క్రైస్తవుల కార్డుల్లో శ్లోకం బదులు వాక్యం ఉంటుంది, "&" మాత్రం అలాగే ఉంటుంది.

ఈ వాక్యాన్ని ఎవరు రాశారు? తాతగారా, పురోహితుడా? వాళ్ళెవరూ కాదు. చేతికాగితం మీదైనా ఖరీదైన కార్డు మీదైనా, తెలుగు అక్షరాలు ఎక్కించాలంటే వీధి చివర డీటీపీ షాపుకే వెళ్ళాలి. అక్కడ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో, పాత కార్డుల ఫైళ్ళు ఉంటాయి. "మేటర్ మా దగ్గర ఉంది మేడమ్, పేర్లు రాసివ్వండి చాలు" అంటాడు ఆపరేటర్. అతను పోయిన వారం పెళ్ళి ఫైలు తెరిచి, పాత పేరు చెరిపి కొత్త పేరు కొడతాడు. ఒక్కోసారి పాత పెళ్ళివారి గోత్రం పొరపాటున అలాగే ఉండిపోతుంది కూడా. కాగితం రంగు గురించి మూడు వారాలు చర్చించిన ఇల్లు, వాక్యాన్ని అయిదు నిమిషాల్లో ఒప్పేసుకుంటుంది. దీన్ని సంప్రదాయం అంటున్నాం మనం.

కులం సంగతి వేరే చెప్పాలా? ఇంటిపేరు, పేరు చివర తోక, కొన్ని కార్డుల్లో గోత్రం, పైన వేసిన దేవుడి బొమ్మ, ఇవన్నీ కలిపి చదివితే పిలిచినవాళ్ళు ఎవరో, ఎవర్ని పిలవలేదో తెలిసిపోతుంది. ఈ విషయంలో దళిత బహుజన కుటుంబాలు మనకంటే చాలా ముందున్నాయి. అంబేద్కర్, బుద్ధుడు, జ్యోతిరావు, సావిత్రీబాయి బొమ్మలతో వచ్చే పెళ్ళికార్డులు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ చూస్తున్నాం. అవి మామూలు ఆర్ట్ పేపరు మీద, గాఢమైన నీలిరంగులో ఉంటాయి. చేతికాగితం అభిరుచి ఉన్నవాళ్ళు వాటిని చూసి నొసలు చిట్లిస్తారు. కానీ కార్డులో ఏది మార్చాలో వాళ్ళకి తెలుసు. 1873లో పూనాలో సత్యశోధక్ సమాజ్ పెట్టిన ఫూలే, బ్రాహ్మణ పురోహితుడు లేని పెళ్ళి జరిపించడంతో ఊరుకోలేదు. స్త్రీల హక్కులు ఇస్తానని అందరి ముందూ మాట ఇమ్మని వధువు వరుణ్ణి అడిగే పెళ్ళిపద్యాలు రాశాడు. అక్కడ పెళ్ళికూతురికి నోరుంది, వాక్యంలో ఆమె కర్త. మన దగ్గర త్రిపురనేని రామస్వామి చౌదరి "వివాహ విధి" రాసి పెళ్ళితంతుని తెలుగు చేశారు. మంత్రం మార్చుకున్న అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన కార్డుల్లో కూడా "ఇచ్చి" చెక్కుచెదరకుండా ఉండటం నేను చూశాను. మంత్రం ఎవరికీ అర్థం కాదని మార్చారు. అర్థమయ్యే వాక్యాన్ని మాత్రం అలాగే వదిలేశారు.

ఇక ఆ చేతుల గురించి. చేత్తో చేసుకోవడం అంటే ఎవరి చేతులు?

లెక్క వేద్దాం. 200 కార్డులు. కత్తిరించడం, మడత గీత గీయడం, మడవడం, అచ్చు కొట్టడం, ఆరబెట్టడం, లోపలి కాగితం అంటించడం, తాడు కట్టడం, కవరు మీద పేరు రాయడం. కార్డుకి 15 నిమిషాలు అనుకుంటే 50 గంటలు. రోజుకి రెండు గంటల చొప్పున 25 సాయంత్రాలు. హాల్లో చాప పరుచుకుని కూర్చున్నది ఎవరు? పెళ్ళికూతురు, చెల్లెలు, పిన్ని, పక్కింటి అమ్మాయి. టీలు అందిస్తూ మడతలు చెదరకుండా కార్డుల మీద కందిపప్పు డబ్బా బరువు పెట్టింది తల్లి. పెళ్ళికొడుకు ఫోన్లో ఫొటో చూసి "లేత పసుపు బాగుంది" అన్నాడు. మగవాళ్ళు చేసింది ఒక్కటే, ఎవరెవరికి కార్డు వెయ్యాలో లిస్టు రాయడం. శ్రమ ఆడవాళ్ళది, నిర్ణయం మగవాళ్ళది. ముగ్గులో, ఊరగాయలో, బొమ్మలకొలువులో మనం చూసిన పాత పంపకమే ఇది. దీనికి కొత్తగా వచ్చిన పేరు సృజనాత్మకత. ఓపిక అన్న పాత పేరుంటే కనీసం అది భరించవలసిన పని అని తెలిసేది.

ఆ కాగితం కూడా ఊరికే రాలేదు. జైపూరు పక్కన సాంగానేర్‌లో కాగ్జీ కుటుంబాలు తరతరాలుగా చేసే చేతికాగితానికి ముడిసరుకు చాలావరకు బనియన్ల ఫ్యాక్టరీల కత్తిరింపు ముక్కలు. ఆ పేలికలు ఏరడం, తయారైన తావులు ఆరబెట్టడం, మచ్చలున్నవి వేరు చెయ్యడం లాంటి పనుల్లో ఎక్కువగా ఆడవాళ్ళే కూర్చుంటారు. 1934లో గాంధీ, కుమారప్ప అఖిల భారత గ్రామీణ పరిశ్రమల సంఘం మొదలుపెట్టినప్పుడు చేతికాగితం కూలి ప్రశ్న, ఆకలి ప్రశ్న. ఇప్పుడది అభిరుచి ప్రశ్న అయింది. "మేమే చేసుకున్నాం" అన్న మాటలో ఆ పేలికలు ఏరినామె లేదు. ఉండాలని కూడా మనకి తోచదు. ఇంటి ఆడవాళ్ళ 50 గంటలకి విలువ కట్టని లెక్కలో బయటి ఆడవాళ్ళ గంటలు మాత్రం ఎలా వస్తాయి?

డబ్బున్నవాళ్ళ కార్డులతో పోలిస్తే ఇది నయం కదా అని అడగొచ్చు. నిజమే. 2016 నవంబరులో, పెద్దనోట్లు రద్దయిన ఎనిమిది రోజులకి బెంగళూరులో గాలి జనార్దనరెడ్డి కూతురి పెళ్ళి జరిగింది. ఆ శుభలేఖ ఒక పెట్టె. మూత తెరిస్తే చిన్న తెర వెలిగి, కుటుంబమంతా పాటకి పెదవులు కదుపుతూ పిలిచేవారు. ఆ పెట్టె ముందు జనపనార తాడు గొప్పదే. కానీ పోటీ దానితో పెట్టుకుంటే మనం గెలిచేది ఖర్చులో మాత్రమే. పెట్టెలోనూ పిల్లని ఇవ్వడమే, తాడు విప్పితేనూ పిల్లని ఇవ్వడమే.

నన్ను ఈ వ్యాసం రాయించిన కార్డు ఒకటుంది. నాకు తెలిసిన ఒక అంగన్‌వాడీ టీచరు కూతురిది. పిల్లకి నాలుగేళ్ళప్పుడు భర్త పోయాడు. ఆ తర్వాత బియ్యం, ఫీజులు, హాస్టలు, కంప్యూటరు కోర్సు, పెళ్ళికి చీటీ పాట, అన్నీ ఆమే. కూతురు 200 కార్డులు చేత్తో చేసింది. అంత ముచ్చటైన కార్డు ఈమధ్య నేను చూడలేదు. అంచున పసుపు, మధ్యలో చిన్న మామిడిపిందె అచ్చు. లోపల పిల్ల పెదనాన్న దంపతులు పిలుస్తున్నారు. "మా తమ్ముడు కీ.శే. ఫలానా గారి ఏకైక పుత్రిక." చనిపోయిన తండ్రి ఉన్నాడు. ఒక్క ఫీజు కట్టని పెదనాన్న ఉన్నాడు, "శ్రీమతి" రూపంలో పెద్దమ్మ కూడా ఉంది. కన్నతల్లి ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూశాను. కింద "అభినందనలతో" అని బాబాయిల పిల్లల పేర్లు అచ్చయిన చోట కూడా చూశాను. లేదు.

అడిగితే అమ్మాయి మామూలుగానే చెప్పింది. "కార్డు డిజైనంతా నాదేనండీ. మేటర్ పెద్దవాళ్ళు చూసుకున్నారు. కన్యాదానం పెదనాన్నే చేస్తారు కదా, ఆయన పేరే ఉండాలన్నారు." తల్లి అయితే నేను అడిగినందుకే ఇబ్బంది పడింది. "ఇప్పుడు అవన్నీ ఎందుకులెండి" అంది.

ఆమెకి ఇంకో పని కూడా లేదు. మన దగ్గర శుభలేఖ కంటే పాతదీ, ఈనాటికీ బలమైనదీ బొట్టు పెట్టి పిలవడం. ఊరంతటికీ పిలుపు చాకలామె చేతో మంగలి చేతో వెళ్ళినా, కావలసినవాళ్ళ ఇళ్ళకి ఇంటి ఆడవాళ్ళే కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళాలి. నిజానికి ఇదీ చేత్తో చేసే ఆహ్వానమే, కాగితం అక్కర్లేనిది, ఆడవాళ్ళు ఆడవాళ్ళని పేరు పెట్టి పిలిచేది. దీంట్లో నాకు ఇష్టమైనది చాలా ఉంది. కానీ భర్త పోయిన తల్లి ఆ భరిణె ముట్టుకోకూడదు. కూతురి పెళ్ళికి కార్డులో పేరు లేక, బొట్టు పెట్టే చెయ్యి లేక, ఆమె చెయ్యగలిగింది ఆ 200 కార్డుల మీద డబ్బా బరువు పెట్టడం. పెదనాన్నగారి భార్య బొట్టు పెడుతుంటే ఈమె గుమ్మం బయట కార్డుల సంచీ పట్టుకుని నిలబడింది. సంచీ కూడా ఆ పిల్లే కుట్టింది, చేనేత గుడ్డతో.

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవా, కట్నాలూ చావులూ ఉండగా కార్డులో మాటల గురించా అని మన స్నేహితురాళ్ళే అంటారు. కార్డు ఒట్టి కాగితం కాదు. 2002లో ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా అన్ని మతాల పెళ్ళిళ్ళూ నమోదు చెయ్యాలంది. హిందూ వివాహం నమోదుకి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళితే వయసు రుజువుతో, ఫొటోలతో పాటు పెళ్ళికార్డు కూడా పెట్టమంటారు. అంటే "ఇచ్చి వివాహము" అన్న వాక్యం ఫ్రిజ్ మీదినుంచి ప్రభుత్వ ఫైల్లోకి వెళ్ళి సాక్ష్యం అవుతుంది. రేపు ఆ అమ్మాయి విడిపోవలసివచ్చి కోర్టుకి వెళితే, అప్పుడూ ఆ కార్డు జిరాక్సే జత చేస్తుంది.

ఒక్క మాటతో ఏం పోతుంది అనేవాళ్ళకి రచయిత్రి గీతా హరిహరన్ కేసు గుర్తుచేస్తాను. కొడుకు పేరు మీద బాండ్లు కొనబోతే సంరక్షకుడిగా తండ్రి సంతకం కావాలంది రిజర్వు బ్యాంకు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో తండ్రి, "ఆయన తర్వాత" తల్లి అని ఉంది. ఆ "తర్వాత" అంటే ఆయన చనిపోయాక అనే అర్థం చెప్పుకుంటూ వచ్చారు. 1999 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆయన పట్టించుకోని పరిస్థితిలో, ఆయన అందుబాటులో లేనప్పుడు అని కూడా దానికి అర్థం అంది. ఒక్క మాట చుట్టూ అంత పోరాటం. చట్టం ఒప్పుకున్న తల్లిని కార్డు ఒప్పుకోవడానికి ఇంకెన్నాళ్ళు?

ఆ మాటకొస్తే సర్కారు వారి శుభలేఖ ఒకటుంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోదలచినవాళ్ళు నోటీసు ఇవ్వాలి. చట్టానికి జతచేసిన నమూనాలో గడులు ఇవీ: పేరు, అవివాహితా లేక భర్త పోయినామా, విడాకులు తీసుకున్నామా అన్న వివరం, వృత్తి, వయసు, నివాసం. ఇద్దరికీ ఒకే రకం గడులు. ఎవరి కూతురు అని లేదు, కులం లేదు, ఇవ్వడం లేదు. మనం ఇళ్ళలో రాయలేకపోతున్న సమానమైన వాక్యం ఆ ఎండిపోయిన ప్రభుత్వ భాషలో ఉంది. దాన్ని మెచ్చుకుని ఊరుకోవడానికి మాత్రం లేదు. అదే నోటీసుని 30 రోజులు ఆఫీసులో అందరికీ కనబడేటట్టు పెట్టి అభ్యంతరాలు పిలుస్తారు. మతం, కులం దాటి చేసుకునే పిల్లలకి అది ఆహ్వానం కాదు, వాళ్ళ ఆచూకీ. 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు, ఆ ప్రచురణ జంట కోరితేనే చెయ్యాలంది. మన కార్డు పేరు దాస్తుంది, వాళ్ళ నోటీసు చిరునామా బయటపెడుతుంది. రెండు చోట్లా ఇబ్బంది పడేది ఎక్కువగా ఆడపిల్లే.

మన వర్గం గురించి కూడా చెప్పకపోతే ఇదంతా ఎవరికో చెప్పినట్టు ఉంటుంది. ఇంటిపేర్ల మీద, అస్తిత్వం మీద సెమినార్లలో పేపర్లు చదివిన రచయిత్రుల, అధ్యాపకుల ఇళ్ళనుంచి నాకు కార్డులు వస్తుంటాయి. ఇరవై పుస్తకాలు రాసినామె కూతురి పెళ్ళికార్డులో "శ్రీమతి"గా మిగిలిపోవడం చూసి ఫోన్ చేశాను. "మా ఆయన తరఫువాళ్ళు బాధపడతారు" అంది. పెద్దల మనసు నొప్పించకూడదన్నది మంచి మాటే. కానీ ఈ ఏర్పాటులో నొచ్చుకునే హక్కు ఎప్పుడూ ఒకవైపు పెద్దలకే ఎందుకుంటుంది? అంగన్‌వాడీ టీచరు కూడా పెద్దే కదా, పిల్లకి తల్లి కదా. ఆమె మనసు నొచ్చుకుంటుందేమోనని ఎవరైనా మేటర్ మార్చారా? అంగన్‌వాడీ టీచరుకి లేని అవకాశం ఈ రచయిత్రికి ఉంది. పేరు ఉంది, ఉద్యోగం ఉంది, మాట వినిపించుకునే చదువున్న వియ్యంకులు ఉన్నారు. ఆమె కార్డులో మారని వాక్యం ఇంకెవరి కార్డులో మొదట మారాలి?

చేత్తో చేసుకోవద్దని నేను అనడం లేదు. ఆ అచ్చు కొట్టడంలో ఉన్న సంతోషం నాకు తెలుసు. చేసుకోండి. అబ్బాయిని కూడా చాప మీద కూర్చోబెట్టి తాళ్ళు కట్టించండి. కానీ కాగితం కొనకముందు మేటర్ రాసుకోండి. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు ఎదురెదురుగా కూర్చుని, తెల్లకాగితం మీద, డీటీపీ షాపు ఫైలు చూడకుండా, మనం ఏం చేస్తున్నామో, ఎవరం పిలుస్తున్నామో ఒక వాక్యం రాయండి. అది ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. "ఇచ్చి" తీసేస్తే వాక్యం కూలిపోతుంది, కొత్త క్రియ వెతకాలి. తల్లి పేరు రాయబోతే ఏ ఇంటిపేరుతో రాయాలో వెతకాలి. "పెద్దలు నిశ్చయించిన" తీసేస్తే ఎవరు నిశ్చయించారో చెప్పాలి. అసలు వాళ్ళిద్దరే నిశ్చయించుకున్నారా అన్న ప్రశ్న కూడా అక్కడే వస్తుంది. కట్నం మాట్లాడుకున్న పెళ్ళికి అలాంటి వాక్యం రాయబోతే కలం ఆగుతుంది. ఆగనివ్వండి.

అలాంటి కార్డు ఒకటి రెండేళ్ళ కిందట నాకు వచ్చింది. ఇద్దరూ జూనియర్ లెక్చరర్లు. ఏ4 కాగితాన్ని మధ్యకి మడిచి జిరాక్సు తీయించారు. అచ్చు లేదు, తాడు లేదు, మడత కూడా కొంచెం వంకరగా ఉంది. లోపల అయిదు వరుసలు. మేమిద్దరం ఫలానా రోజు పెళ్ళి చేసుకుంటున్నామని మొదటి వరుస. ఆ కింద ఇద్దరి తల్లుల పేర్లు, ఇద్దరి తండ్రుల పేర్లు, నలుగురూ ఎవరి పేరుతో వాళ్ళు. పెళ్ళికొడుకు తండ్రి చనిపోయారు. ఆయన పేరు పక్కన అలాగే రాసి, పిలిచేవాళ్ళలో తల్లి పేరు ఆమెకి ఆమెగా ఉంది. గోత్రం లేదు, శ్లోకం లేదు. భోజనం ఎన్నింటికో మాత్రం స్పష్టంగా ఉంది. తల్లిదండ్రులు పిలవని పెళ్ళికి ఎవరొస్తారని ఒక మేనమామ అలిగాడట. పెళ్ళిరోజు మొదటి పంక్తిలో ఆయన్నే చూశాను, రెండోసారి పులిహోర వేయించుకుంటూ.

ఆ మేటర్ టైపు చేసిన డీటీపీ అతను మా కాలేజీ ఎదురుగానే ఉంటాడు. ఆ పిల్లలు వచ్చినప్పుడు "ఇలా ఎవరూ వేయించరు సార్" అన్నాడట, తర్వాత "ఉంచుకోనా?" అని అడిగి తన నమూనాల ఫైల్లో చేర్చుకున్నాడు. మొన్న ప్రశ్నపత్రాలు టైపు చేయించడానికి వెళ్ళినప్పుడు అడిగాను, ఎవరైనా తీసుకున్నారా అని. ఇప్పటివరకు ఇద్దరు చూశారట. ఒకరు నవ్వి పక్కన పెట్టేశారు. ఇంకొకరు తల్లుల పేర్లున్న వరుస మాత్రం తీసుకుని, మిగతాది పాత మేటరే వేయించుకున్నారు.